పక్కింట్లో అద్దెకున్నవాళ్ల గొడవ: లెట్టింగ్ ఏజెంట్ పట్టించుకోవట్లేదు, ఎవర్ని పట్టుకోవాలి?

గోడపక్క_కొవెంట్రీ:

నమస్తే అండీ. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

మాది ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో టెర్రస్ ఇల్లు, అంటే గోడలు కలిసిన వరస ఇళ్లలో ఒకటి. 2017లో కొన్నాం. పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. అక్కడ ఒక ఐరిష్ పెద్దావిడ ఉండేది. మా పార్సిళ్లు తీసిపెట్టేది, మా అమ్మాయి స్కూల్నుంచి తాళం మర్చిపోయి వస్తే వాళ్లింట్లో కూర్చోబెట్టుకునేది. రెండేళ్ల కింద కేర్ హోమ్‌కి వెళ్లిపోయింది, ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్లని ఇంతవరకు చూడలేదు. రెండు నెలలు లోపల ఏదో బద్దలుకొట్టారు, వెనక ఎక్స్‌టెన్షన్, పైన లాఫ్ట్ గది వచ్చాయి, తర్వాత ఇళ్లు అద్దెకిప్పించే ఒక లెట్టింగ్ ఏజెంట్ బోర్డు పడింది. సెప్టెంబరులో కుర్రాళ్లు దిగారు.

మొదట నలుగురనుకున్నాం. ఒక ఆదివారం పొద్దున కిటికీ దగ్గర టీ తాగుతూ లెక్కపెట్టాను, ఎనిమిది మంది వేర్వేరు మొహాలు.

నేను హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తాను, పొద్దున ఆరూ పదికి ఇంట్లోంచి బయటపడాలి. మా అమ్మాయికి ఈ ఏడు జీసీఎస్ఈ, మన పదో తరగతిలాంటి పరీక్షలు. ఇక వీళ్ల దినచర్య: రాత్రి ఒంటిగంటకి తలుపు దడాల్న పడుతుంది. ఒంటిగంటన్నరకి పోపు. గోడకి ఇవతల చిటపటలు వినిపిస్తాయి, అతిశయోక్తి కాదు. రెండింటికి కుక్కర్. నాలుగు విజిళ్లు. మూడోది అయ్యాక నాలుగోది ఎప్పుడొస్తుందా అని కళ్లు తెరుచుకుని పడుకుంటాను. ఈలోగా పై గదిలో ఒకడు గేమ్ ఆడుతూ అరుపులు. బిన్‌ల సంగతి చెప్పక్కర్లేదు, రీసైక్లింగ్ బిన్‌లో చికెన్ ఎముకలు, అన్నం. బండివాళ్లు దాన్ని ముట్టుకోకుండా వదిలేసి పోతారు. రెండు వారాలకి మా పెరట్లోకి ఎలకలొచ్చాయి.

వీటన్నిటికీ తోడు మూడు వారాలుగా వాళ్ల మెట్ల దగ్గర స్మోక్ అలారం 'కీచ్' మంటోంది. బ్యాటరీ అయిపోతే అరుస్తుందే, అది. వాచీ పెట్టుకుని చూశాను, 40 సెకన్లకోసారి. వాళ్లకెలా నిద్రపడుతోందో నాకర్థం కాదు.

ఏజెంట్‌కి 11 మెయిళ్లు పెట్టాను. మొదటిదానికి "మీ విషయం టెనెంట్లకు తెలియజేశాం" అని జవాబు. ఆరోదానికీ అక్షరం మారకుండా అదే. ఓనరు ఎవరో చెప్పండి, నేనే మాట్లాడుకుంటానంటే డేటా ప్రొటెక్షన్ అన్నారు. చివరికి గట్టిగా అడిగితే హెచ్చరిక లెటర్ పంపామన్నారు. ఆ లెటర్ మా ఇంటికే వచ్చింది! "ప్రియమైన టెనెంట్లారా, పక్కవారిని ఇబ్బంది పెట్టకండి" అని, మా డోర్ నంబరు వేసి. మా ఆయన దాన్ని ఫ్రిజ్ మీద అంటించారు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. ఆ కుర్రాళ్లలో కనీసం ముగ్గురు తెలుగువాళ్లు. ఒకడిది ఖమ్మం వైపు మాట, ఇంకొకడిది గోదావరి. నేను తెలుగని వాళ్లకి తెలీదు. రెండుసార్లు తలుపు కొట్టి ఇంగ్లీషులోనే చెప్పాను, "సారీ ఆంటీ, సారీ ఆంటీ" అని తలూపారు. ఆ రాత్రే గోడ అవతల, "ఒరేయ్ మెల్లిగా, గుజరాతీ ఆంటీ మళ్లీ వస్తది" అన్న మాట వినబడింది. మా ఇంట్లో మాటలు వాళ్లకి వినపడవా అంటారేమో. ముగ్గురం, పిల్లది ఇంగ్లీషే, మేం గొంతెత్తి మాట్లాడుకునే రకం కాదు.

తెలుగులో ఒక మాట చెప్పు, వింటారు అంటారు మా ఆయన. నాకు భయం. ఒకసారి 'అక్కా' అని పిలిపించుకున్నాక కౌన్సిల్‌కి (మన మున్సిపాలిటీలాంటిది) కంప్లైంట్ రాయడం నా చేతకాదు. రాత్రి ఒంటిగంటన్నరకి వాళ్లలో ఒకడు స్పీకర్ పెట్టి ఇంటికి ఫోన్ చేస్తాడు, అక్కడ పొద్దున ఏడు కదా. వాళ్లమ్మ ప్రతిరోజూ "తిన్నావా" అంటుంది. వాడు ప్రతిరోజూ తిన్నానంటాడు, కుక్కర్ ఇంకా కూత కూయకముందే. నాకు కోపం రావాలి కదా, రాదు. అలాగని నిద్రా లేదు.

ఏజెంట్‌ని దాటి ఎవర్ని పట్టుకోవాలి? కంప్లైంట్ చేస్తే ఆ పిల్లలు రోడ్డున పడతారా?

లెస్టర్_బాబాయ్:

అమ్మా, నేను నాణేనికి రెండోవైపు మనిషిని. ఈ దేశానికొచ్చి 22 ఏళ్లు, రెండిళ్లు అద్దెకిచ్చాను, రెండూ ఏజెంట్ చేతిలోనే ఉన్నాయి. నా ఏజెంట్‌కి నెలనెలా అద్దెలో 10 శాతం పోతుంది. అతను పనిచేసేది నాకు. పక్కింటావిడ అతనికి చుట్టమూ కాదు, కస్టమరూ కాదు. కాబట్టి మీ 11 మెయిళ్లు చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పన్నెండోది రాయకండి.

ఓనరు పేరు ఏజెంట్ చెప్పక్కర్లేదు. ల్యాండ్ రిజిస్ట్రీలో టైటిల్ రిజిస్టర్ తీయండి, 7 పౌండ్లు. ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచే తీయాలి సుమా, గూగుల్‌లో పైన కనబడే నకిలీ సైట్లు అదే కాగితానికి ఎన్నో రెట్లు గుంజుతాయి. అందులో ఓనరు పేరు, ఉత్తరాలు పంపాల్సిన అడ్రసు ఉంటాయి. ఓనరు కంపెనీ అయితే, కంపెనీలన్నీ నమోదయ్యే కంపెనీస్ హౌస్‌లో డైరెక్టర్ల పేర్లు ఊరికే చూడొచ్చు.

ఉత్తరం మాత్రం కాగితం మీద రాసి రికార్డెడ్ పోస్టులో వేయండి. కుక్కర్ విజిళ్ల గురించి రాయకండి, నవ్వి పారేస్తాడు. "మీ ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారు, స్మోక్ అలారం మూడు వారాలుగా అరుస్తోంది, ఎలకలొచ్చాయి. ఈ సంగతులు మీకు తెలియజేస్తున్నాను" అని తేదీ వేసి మూడు వాక్యాలు రాయండి. ఓనరుగా చెప్తున్నా, రేపు ఏదైనా జరిగితే "నాకు తెలీదు" అనే మాట ఆ కాగితంతో పోతుంది. మాకు నిద్రపట్టనిది దానికే. ఇన్సూరెన్స్ వాడు మొదట అడిగేదీ అదే.

సదాశివం1962:

మన పిల్లల మీద మనమే కంప్లైంట్లా? వాళ్ల తల్లిదండ్రులు పొలాలమ్మి పంపుంటారు. మనమూ అలా వచ్చినవాళ్లమే కదా. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే సరిపోతుంది.

గోడపక్క_కొవెంట్రీ:

సదాశివం గారూ, నేనూ 2009లో అలాగే వచ్చానండీ. ఐదుగురు ఆడపిల్లలం, ఒక బాత్‌రూమ్. రాత్రి పదయితే కింద ఉన్న ముసలాయనకి వినపడుతుందని మేజోళ్లతో నడిచేవాళ్లం. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటున్నాను. పెట్టుకున్న రోజున పొద్దున లేపే అలారం వినపడక షిఫ్ట్ పోయింది.

పర్యావరణం_డెస్క్:

నేను ఒక కౌన్సిల్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్‌లో పనిచేస్తాను (మీది కాదు). మీ పోస్టులో అన్నిటికంటే ముఖ్యమైనది మీరు గొడవల లిస్టులో చివర్న రాశారు: స్మోక్ అలారం.

శబ్దం విషయంలో ముందు నిరాశ కలిగించే మాట. నడక, తలుపు, వంట, ఫోన్ మాటలు మామూలు జీవితపు చప్పుళ్ల కిందికి వస్తాయి. గోడ పల్చనైతే అది గోడ తప్పే. 1990 నాటి ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ యాక్ట్ కింద నోటీసు ఇవ్వాలంటే అది 'స్టాట్యుటరీ న్యూసెన్స్' (చట్టం లెక్కలోకి వచ్చేంత ఇబ్బంది) అని ఆఫీసరు ఒప్పుకోవాలి. గేమ్ అరుపులు రోజూ రాత్రి ఉంటే ఆ కేసు నిలబడొచ్చు, కుక్కర్‌తో నిలబడదు. డైరీ రాయండి, కానీ "రాత్రి చాలా గోల" అని కాదు. తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, మీరు ఏ గదిలో ఉన్నారు, ఏ పని చేయలేకపోయారు. "1:40 నుంచి 3:05, అమ్మాయి గది, లేచి మా గదిలోకి వచ్చి పడుకుంది" అని ఉంటే మాకు పనికొస్తుంది. రాత్రి 11 నుంచి పొద్దున 7 వరకు 1996 నాయిస్ యాక్ట్ కింద ముందు హెచ్చరిక, ఆ తర్వాతా ఆ రాత్రి పరిమితి దాటితే 110 పౌండ్ల వరకు జరిమానా వేయొచ్చు. అయితే ఆ టైముకి మీటరు పట్టుకుని వచ్చే మనిషి ఉండాలి, అన్ని కౌన్సిళ్లలోనూ ఉండరు.

ఓనరు మీద శబ్దం కేసు వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకండి. అద్దెకున్నవాళ్ల గోలకి ఓనరు తానే అనుమతిచ్చుంటేనో, చేయి కలిపుంటేనో తప్ప బాధ్యుడు కాడని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పేరు కొవెంట్రీ వర్సెస్ లారెన్స్. మీ ఊరు కాదులెండి, అక్కడ కొవెంట్రీ అన్నది మనిషి పేరు, గొడవ సఫోక్‌లో ఒక మోటార్ రేసుల స్టేడియం గురించి.

ఇల్లు సంగతి అలా కాదు. ఒకే కుటుంబం కాని ఐదుగురు లేక అంతకంటే ఎక్కువ మంది కిచెనో బాత్‌రూమో పంచుకుంటూ ఉంటే ఆ ఇల్లు హెచ్ఎంఓ (హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్), దానికి లైసెన్సు తప్పనిసరి. 2018 అక్టోబరు 1 నుంచి ఇల్లు ఎన్ని అంతస్తులన్నదానితో కూడా పనిలేదు. లైసెన్సుల రిజిస్టరు ప్రతి కౌన్సిలూ జనానికి చూపించాలి, కొన్నిచోట్ల ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. మీ పక్కింటి నంబరు అందులో ఉందో లేదో చూడండి. లైసెన్సు ఉంటే ఎంతమందికి ఇచ్చారో, ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. చెత్త ఎలా పెట్టాలన్న షరతు కూడా ఉంటుంది. పడుకునే గది ఒక్కరికైతే 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికైతే 10.22 తగ్గకూడదు. టెర్రస్ ఇంటి ముందుగదిలో ఎన్ని మంచాలేశారో మీకే తెలియాలి.

లైసెన్సు లేకపోతే అది నేరం, ఓనరుదీ, ఇల్లు నడిపేవాళ్లదీ. అలారం గురించి తెలియజేశాక బాగుచేయించాల్సిన బాధ్యత కూడా అద్దెకిచ్చినవాళ్లదే, 2022 అక్టోబరు నుంచి రూల్ అలా ఉంది. ఎనిమిది మంది, లాఫ్ట్‌లో మనుషులు, రాత్రి రెండింటికి స్టవ్, అలారానికి బ్యాటరీ లేదు. మీ ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ అన్నారు. ఇది రేపు పొద్దున ఫోన్ చేయాల్సిన విషయం. మెయిల్ కాదు, ఫోన్. అడగాల్సింది నాయిస్ టీమ్‌ని కాదు, అద్దె ఇళ్ల సంగతి చూసే ప్రైవేట్ సెక్టార్ హౌసింగ్ వాళ్లని. కంప్లైంట్ ఇచ్చినవాళ్ల పేరు మేం మామూలుగా బయటపెట్టం.

మాజీ_స్టూడెంట్_లీడ్స్:

అక్కా, మీ పోస్టు చదువుతుంటే 2022లో నేనున్న ఇల్లు కళ్లముందు కనిపించింది. తొమ్మిది మందిమి. మీకు రెండు మూడు సంగతులు అటువైపు నుంచి చెప్తాను, తిట్టుకోకండి.

ఒకటి, ఏజెంట్ పంపే హెచ్చరికలు మాకు ఒక్కటీ రాలేదు. ఎందుకంటే టెనెన్సీ కాగితంలో పేరున్నది ఒక్కడిదే. వాడు కోర్సు అయిపోయి ఎప్పుడో వెళ్లిపోయాడు. మిగతావాళ్లం వాట్సాప్‌లో మంచం ఖాళీ ఉందంటే వచ్చినవాళ్లం. అద్దె ప్రతినెలా ఒకడి అకౌంట్‌లో వేస్తే వాడు ఎవరికో పంపేవాడు. ఓనరు ఎవరో మాకూ తెలీదు. మీ లెటర్ మీ ఇంటికే రావడం చూసి నవ్వుకున్నాను, మా ఇంటికొచ్చుంటే ఏమయ్యేది? చిరునామాదారు లేడని తలుపు పక్కన పడేసేవాళ్లం.

రెండు, రాత్రి వంట. స్టూడెంట్ వీసా మీద క్లాసులున్నప్పుడు వారానికి 20 గంటలే పనిచేయాలి. ఆ 20 గంటలు ఎవడూ పగలు ఇవ్వడు. నాకు వేర్‌హౌస్ షిఫ్ట్ ఒంటిగంటకి అయ్యేది, బస్సుల్లేవు, నడిచొచ్చి వండుకునేసరికి రెండున్నర. ఒకే స్టవ్, వంతులేసుకునేవాళ్లం.

మూడు, అలారం. మా ఏజెంట్ "ముట్టుకుంటే 100 పౌండ్లు కట్" అని దాని పక్కనే కాగితం అంటించాడు. మేం కుర్చీ వేసి దాన్ని ఊడదీసి సాక్సులో చుట్టి బీరువాలో పెట్టాం. అవును, తప్పే. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. మీ పక్కింటివాళ్లు ఇంకా ఊడదీయలేదంటే మాకంటే బుద్ధిమంతులే అక్కా.

తెలుగులో మాట్లాడండి. మాకు కింద ఇంట్లో ఒక శ్రీలంక తమిళ ఆంటీ ఉండేది. ఒకరోజు పైకొచ్చి పాత రైస్ కుక్కర్ ఒకటి చేతిలో పెట్టి, "దీనికి విజిల్ ఉండదు" అని వెళ్లిపోయింది. అంతే, ఇంకో మాట అనలేదు. ఆ సిగ్గుకి నెల రోజులు పిల్లుల్లా నడిచాం.

స్లౌ_సుజాత:

ఒక్క జాగ్రత్త చెప్తానండీ, ఎవరూ అనట్లేదు కాబట్టి. మేం మూడేళ్ల కింద ఇల్లు అమ్మాం. అమ్మకం కాగితాలు చూసే సొలిసిటర్ (లాయరు) టీఏ6 అని ఒక ఫారం నింపమంటాడు. పక్కవాళ్లతో తగాదాలు, కంప్లైంట్లు ఏమైనా ఉన్నాయా అని ఒక ప్రశ్న ఉంటుంది. మేం కౌన్సిల్‌కి రెండుసార్లు రాశాం, చెప్పక తప్పలేదు. కొనడానికొచ్చినవాళ్లు ఆలోచించుకుంటామని పది వారాలు నాన్చారు. మీకు త్వరలో అమ్మే ఆలోచన ఉంటే లెక్కలో పెట్టుకోండి.

పర్యావరణం_డెస్క్:

సుజాత గారు చెప్పింది నిజమే. కానీ కంప్లైంట్ ఇవ్వకపోతే ఆ ప్రశ్నకి 'లేదు' అని రాసేయొచ్చనుకోకండి. తగాదా ఉందని తెలిసీ దాస్తే కొన్నవాళ్లు తర్వాత కోర్టుకెళ్లొచ్చు. ఏజెంట్‌కి పెట్టిన 11 మెయిళ్లు ఎలాగూ ఉన్నాయి. కంప్లైంట్ ఇచ్చాం, లైసెన్సు వచ్చింది, గొడవ తీరింది అని రాయగలిగితే అదే మేలు.

పిల్లలు రోడ్డున పడతారా అన్నారు. ఆఫీసరు వచ్చిన రోజునే ఖాళీ చేయించడం ఉండదు. లైసెన్సు లేని హెచ్ఎంఓలో అద్దె కట్టినవాళ్లు ట్రైబ్యునల్‌కి వెళ్లి ఆ అద్దె వెనక్కి అడగొచ్చు. ఇదివరకు గరిష్ఠంగా 12 నెలలది, కొత్త రెంటర్స్ రైట్స్ యాక్ట్ దాన్ని రెండేళ్లకి పెంచింది. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 కూడా 2026 మే 1 నుంచి లేదు. అయితే ఎనిమిది మంది పట్టని ఇల్లని తేలితే లైసెన్సు తక్కువమందికే ఇస్తారు, అప్పుడు కొందరు వేరే చోటు చూసుకోవాల్సి రావొచ్చు. అది దాచి మీకు ధైర్యం చెప్పలేను.

ఇంకో మాట. ఓనరు పేరు, అడ్రసు రాతపూర్వకంగా అడిగే హక్కు మీకు లేదు, టెనెంట్లకుంది. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ ప్రకారం వాళ్లు అడిగితే ఏజెంట్ 21 రోజుల్లో చెప్పాలి, అక్కడ డేటా ప్రొటెక్షన్ కథ నడవదు. కాబట్టి వాళ్లతో మాట్లాడటం మీకు అన్నివిధాలా అవసరమే.

గోడపక్క_కొవెంట్రీ:

అందరికీ థాంక్స్ అండీ. ఏం జరిగిందో చెప్తాను.

మర్నాడు పొద్దున బ్రేక్‌లో హౌసింగ్ టీమ్‌కి ఫోన్ చేశాను. అలారం అనగానే అవతలి గొంతు మారింది. ఎంతమంది, లాఫ్ట్‌లో ఎవరైనా పడుకుంటారా, కిచెన్‌కి తలుపుందా అని వరసగా అడిగారు. రిజిస్టర్‌లో పక్కింటి నంబరు లేదు. 7 పౌండ్లు కట్టి ఓనరు పేరు తీశాను, బాబాయ్ గారు చెప్పినట్టే మూడు వాక్యాలు రాసి రికార్డెడ్ పోస్టులో వేశాను.

ఆ సాయంత్రం తలుపు కొట్టాను. ఖమ్మం అబ్బాయి తీశాడు. "సారీ ఆంటీ" అని మొదలుపెట్టబోతుంటే, "ఆ అలారం బ్యాటరీ మార్చుకోండి నాన్నా, నిచ్చెన నేనిస్తాను" అన్నాను. ఆ అబ్బాయి మొహం మీరు చూడాల్సింది. ఒక నిమిషం పాటు నోట మాట లేదు. తర్వాత మెల్లిగా, "అక్కా... మేం లోపల మాట్లాడుకునేవన్నీ...?" అన్నాడు. అన్నీ, అన్నాను. వెనక కిచెన్‌లోంచి ఎవడో "సచ్చినంరా" అన్నాడు. అదీ వినబడింది.

మా ఆయన నిచ్చెన పట్టుకెళ్లారు. మెట్ల పైన కప్పు చాలా ఎత్తు, వాళ్లకి అందలేదు. ఏజెంట్‌కి రెండుసార్లు వాట్సాప్ చేశారట, ఫోటోతో సహా చూపించారు. ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ. 40 సెకన్ల తర్వాత ఏ చప్పుడూ లేదు. అందరం కప్పుకేసి చూస్తూ నిలబడ్డాం, ఇంకో 40 సెకన్లు.

ముందుగదిలో మూడు మంచాలు, ఎక్స్‌టెన్షన్‌లో రెండు. ఐరిష్ ఆవిడ సోఫా ఉండే చోట సూట్‌కేసులు. ఏ బిన్‌లో ఏది వేయాలో వాళ్లకి నిజంగానే తెలీదు. ఎవరూ చెప్పలేదట, నేనూ ఈ నెలలన్నీ తిట్టుకున్నానే గానీ చెప్పలేదు.

ఓనరు నుంచి తొమ్మిదో రోజున ఫోనొచ్చింది. వేరే ఊళ్లో ఉంటారు, పెద్దాయన. ఇల్లు మూడేళ్లకి ఒక కంపెనీకిచ్చాను, నెలనెలా ఇంతని వస్తుంది, నలుగురున్న కుటుంబం ఉందని చెప్పారు అన్నారు. ఎనిమిది మంది అంటే నమ్మలేదు. ఆ కంపెనీ పేరు ఏజెంట్ పేరు కాదు! ఇదేమిటో ఎవరికైనా తెలుసా?

లెస్టర్_బాబాయ్:

దాన్ని 'రెంట్ టు రెంట్' అంటారమ్మా. ఓనరుకి గ్యారంటీడ్ రెంట్ అని ఆశపెట్టి ఇల్లు మొత్తం ఒక కంపెనీ తీసుకుంటుంది. దాన్ని మంచాల లెక్కన ఇచ్చి మధ్యలో మిగిలింది తింటుంది. నాకూ నెలకి రెండు మూడు ఫోన్లొస్తాయి ఇలాంటివి. ఇల్లు ఖాళీగా ఉన్నా అద్దె ఇస్తామంటే చేదా? ఆయన ఒప్పుకునుంటారు. ఆ కంపెనీ పేరు కూడా కంపెనీస్ హౌస్‌లో చూడండి, డైరెక్టరు ఏజెంట్ ఆఫీసులోనే కూర్చుని ఉంటే నేనేమీ ఆశ్చర్యపోను. ఏది తేలినా హౌసింగ్ ఆఫీసరుకి పంపండి. లైసెన్సు లేనందుకు ఎవరి మెడకి ఏది తగలాలో వాళ్లు తేలుస్తారు. ఆ పెద్దాయనకి మాత్రం చెప్పండి, ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి చదువుకోమని. కుటుంబం అని రాయించి హెచ్ఎంఓ నడిస్తే ఆ పాలసీ చిత్తుకాగితమే.

మాజీ_స్టూడెంట్_లీడ్స్:

అక్కా, వాళ్లు అద్దె కట్టిన బ్యాంక్ స్టేట్‌మెంట్లు, వాట్సాప్ మెసేజ్‌లు ఇప్పుడే దాచుకోమనండి. మేం ట్రైబ్యునల్‌కి వెళ్దామనుకునేసరికి గ్రూపే డిలీట్ చేసేశారు. డిపాజిట్‌ని ఏదైనా డిపాజిట్ రక్షణ స్కీములో పెట్టారో లేదో కూడా అడగమనండి. మాది పెట్టలేదు.

గోడపక్క_కొవెంట్రీ:

చెప్పాను. ఎక్సెల్ షీటు తయారుచేస్తున్నారు, గోదావరి అబ్బాయి డేటా అనలిటిక్స్ చదువుతున్నాడులెండి. గేమ్ ఆడేవాడు హెడ్‌ఫోన్స్ తెచ్చుకున్నాడు గానీ అరుపు తగ్గలేదు, ఇప్పుడు ఒకవైపు మాటలే వినిపిస్తున్నాయి, అది ఇంకా విచిత్రంగా ఉంది. డైరీ రాస్తూనే ఉన్నాను. కుక్కర్ మాత్రం పన్నెండు లోపే పెడుతున్నారు. రైస్ కుక్కర్ ఇద్దామనుకున్నాను, పప్పు దాంట్లో ఉడకదక్కా అన్నారు. నిజమే.

వచ్చే మంగళవారం ఇన్‌స్పెక్షన్. ఆఫీసరు వస్తున్నాడంటే పిల్లలు వణికిపోతున్నారు, వీసాకేమైనా అవుతుందేమోనని. హౌసింగ్ వాళ్లు చూసేది ఇల్లు, మిమ్మల్ని కాదు అని చెప్పాను. అయినా ఆ గంట మా ఇంట్లో ఉండక్కా అని అడిగారు, అంటే వాళ్లింట్లో. లీవ్ పెట్టాను.

ఆ ఫోన్ చేసింది నేనేనని ఇంకా చెప్పలేదు.